బరంపురం మధ్యగదిలో ఆడిషన్ వీడియో: ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని

సినిమా ఆడిషన్ కబురు ఎక్కువగా సాయంత్రం పూటే వస్తుంది. వాట్సాప్‌లో రెండు పేజీల డైలాగ్ పేపరు, దాని కింద నాలుగు ముక్కలు: పదిహేనేళ్ల పాత్ర, ఫోను అడ్డంగా పెట్టి తీయాలి, ముందు పరిచయం చెప్పాలి, రేపు రాత్రికల్లా పంపాలి. హైదరాబాద్‌లో ఉండే పిల్లలు నేరుగా సినిమా ఆఫీసుకు వెళ్లి ఆడిషన్ ఇచ్చి వస్తారు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలో ఉండే తెలుగు పిల్లలకు అది ఒక రాత్రంతా ప్రయాణం. అందుకే ఇంట్లో తీసే వీడియో వీళ్లకు అంత ముఖ్యం.

అవతల చూసేవాళ్లు స్టూడియో హంగులు వెతకరు. ముఖం స్పష్టంగా కనబడాలి, కళ్లు కనబడాలి, మాట తేటగా వినబడాలి, పిల్లాడు ఎదుటి మనిషి మాట విని బదులిస్తున్నట్టు తెలియాలి. మొదటి మూడూ ఇంట్లో ఉన్న సామానుతోనే అయిపోతాయి. నాలుగోది మాత్రం ఎదురుగా కూర్చుని చదివే మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషి అమ్మో, నాన్నో, అక్కో అయి ఉంటారు. అందువల్ల కెమెరా కంటే ఆ పనికీ, ఒడియా బడిలో చదువుకునే తెలుగు పిల్లల పలుకుకీ ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ముందు ఆ మెసేజ్ నిదానంగా చదవండి

డైలాగులు బట్టీపట్టించే ముందు అయిదు సంగతులు తేల్చుకోండి. పాత్ర వయసెంత? యాస ఏది? కెమెరాలోకి చూసి చెప్పాలా, పక్కకు చూసి చెప్పాలా? ఎన్ని టేకులు అడిగారు? ఫైలు ఎలా పంపమన్నారు? వీటిలో ఏది రాయకపోయినా మర్యాదగా ఒక్క మెసేజ్ పెట్టి అడగండి, తప్పులేదు. ‘ఉత్తరాంధ్ర యాస కావాలా, మామూలు తెలుగా?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు మీ రేపటి రోజంతటినీ మార్చేస్తుంది.

పిల్లలకు 18 ఏళ్లు నిండకపోతే మాటామంతీ అంతా పెద్దవాళ్ల నంబరు నుంచే జరగాలి. రిజిస్ట్రేషన్ అనీ, ఆర్టిస్టు కార్డు అనీ, పోర్ట్‌ఫోలియో తప్పనిసరి అనీ డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. పాత్రకు ఎంపిక చేసేవాళ్లు నటుల దగ్గర డబ్బు తీసుకోరు. దుస్తులు తగ్గించి తీసిన ఫొటోలు అడిగినా, ‘పిల్లతో విడిగా వీడియో కాల్ మాట్లాడతాం’ అన్నా బదులివ్వకుండా నంబరు బ్లాక్ చేయండి. ఆ మెసేజ్‌లను మాత్రం చెరిపేయకండి, ఫిర్యాదు చేయాల్సి వస్తే అవే ఆధారం.

గది, గోడ, చొక్కా

పాత వీధుల్లో ఇళ్లు పొడుగ్గా, గది వెనుక గది వరసలో ఉంటాయి. వీధి గదిలో వెలుగు ఉంటుంది, దాంతోపాటు మోటారు సైకిళ్లూ కూరగాయల బండి కేకలూ ఉంటాయి. మధ్యగది నిశ్శబ్దంగా ఉంటుంది కానీ చీకటి. రెంటిలో ఒకటే దొరుకుతుందంటే మధ్యగదినే ఎంచుకోండి. వెలుగును దీపాలతో తెచ్చుకోవచ్చు, రోడ్డు మీది హారన్‌ను మాత్రం తర్వాత ఏ యాప్‌తోనూ శుభ్రంగా తీసేయలేరు.

వెనకాల ఏమీ లేని గోడ కావాలి. క్యాలెండరు, దేవుడి పటాలు, స్విచ్‌బోర్డు, గడియారం ఏవీ కనబడకూడదు. తెల్లగోడ పనికొస్తుంది అనుకుంటారు గానీ, అంత తెలుపు చూసి ఫోను మొత్తం వెలుగు తగ్గించేస్తుంది, దాంతో ముఖం నల్లబడుతుంది. చామనఛాయ పిల్లలకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. లేత బూడిద రంగు గానీ, మాసిన నీలం గానీ ఉన్న డబుల్ దుప్పటిని ఇస్త్రీ చేసి, పై అంచును తాడుకు క్లిప్పులతో బిగించి, కింద అంచుకు బరువు కట్టి లాగితే ముడతలు పోతాయి. పిల్లను ఆ దుప్పటికి కనీసం మూడు నాలుగు అడుగులు ముందు నిలబెట్టండి. ఆనుకుని నిలబడితే నీడ వెనకే పడి, గుర్తింపు కార్డు ఫొటోలా ఉంటుంది.

చొక్కా ఒకే రంగుది, అక్షరాలు, బొమ్మలు లేనిది. సన్నగళ్ల చొక్కా వీడియోలో అలలు అలలుగా మెరుస్తుంది. జరీ అంచు మెరుపు కూడా కంటిని ముఖం మీద నుంచి లాగేస్తుంది, కాబట్టి పట్టుబట్టలు పెళ్లికి దాచండి. పాత్ర పల్లెటూరి పిల్ల అయితే లంగా ఓణీ అక్కర్లేదు, మామూలు నూలు చుడీదార్ చాలు. వేషం వేయమని అడగలేదు, పాత్రకు దగ్గరగా ఉంటే సరిపోతుంది. పౌడరు, లిప్‌స్టిక్ వద్దు. ముక్కు మీద, నుదుటి మీద జిడ్డు మెరుస్తుంటే మెత్తటి గుడ్డతో అద్దండి. మన సముద్రపు ఉక్కకు అరగంటకోసారి అద్దాల్సి వస్తుంది.

వెలుగు

కిటికీ ఉన్న గదే దొరికితే పిల్ల ముఖం కిటికీ వైపు ఉండాలి, వీపు ఎప్పుడూ కిటికీ వైపు ఉండకూడదు. ఇళ్లలో తీసే వీడియోల్లో ఎక్కువ చూసే తప్పు ఇదే. వెనక కిటికీ తెల్లగా వెలిగిపోతుంది, మనిషి నీడబొమ్మ అవుతాడు. కిటికీకి సూటిగా కాకుండా కొంచెం ఏటవాలుగా నిలబెడితే ఒక చెంప మీద వెలుగు, రెండో చెంప మీద పలచటి నీడ పడి ముఖానికి రూపం వస్తుంది. ఆ నీడ మరీ చిక్కగా ఉంటే, అటువైపు రెండు మూడు అడుగుల దూరంలో తెల్ల థర్మకోల్ షీటు నిలబెట్టండి. స్టేషనరీ షాపులో దొరికే మామూలు షీటు చాలు. కిటికీ వెలుగు దానికి తగిలి వెనక్కి వచ్చి కంటి కింద నల్లదనాన్ని తగ్గిస్తుంది.

తూర్పు కిటికీలో ఉదయం ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్ల పంచె అడ్డంగా కట్టండి. మేఘాలు వచ్చిపోయే రోజున కిటికీని నమ్మకండి. టేకు మధ్యలో ముఖం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

రాత్రి తీయాల్సి వస్తే ఒకే రకం ఎల్‌ఈడీ దీపాలు రెండు కావాలి. ఇంట్లో వాడే నాలుగు అడుగుల 20 వాట్ల ట్యూబులు బాగా పనికొస్తాయి. ఒకటి కెమెరాకు కుడివైపు, ఇంకొకటి ఎడమవైపు, పిల్ల ముఖానికి ఏటవాలుగా, కళ్లకంటే ఒక అడుగు ఎత్తులో కట్టండి. ఒకదాన్ని నాలుగడుగుల దూరంలో, రెండోదాన్ని ఆరడుగుల దూరంలో పెడితే దగ్గరిది ముఖ్యమైన వెలుగు అవుతుంది, దూరంది నీడ తగ్గిస్తుంది. రెండు పెట్టెల మీద కొనేటప్పుడే చూడండి: రెండూ 4000 కెల్విన్ గానీ, రెండూ 6500 కెల్విన్ గానీ అయి ఉండాలి. ఒకటి పసుపు, ఒకటి తెలుపు అయితే ముఖం ఒకవైపు కామెర్లు వచ్చినట్టు, ఒకవైపు నీలంగా కనబడుతుంది. కిటికీ వెలుగుతో పసుపు బల్బు కలిపినా అంతే. తలపైన ఉన్న దీపం మాత్రం ఆర్పేయండి, అది కళ్ల గుంటల్లో నీడ పోస్తుంది.

వీడియోలో అడ్డగీతలు కదులుతూ కనబడుతున్నాయా? కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దాంతో చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియకపోయినా కెమెరాకు తెలుస్తుంది. ఫోనులో ప్రో వీడియో మోడ్ ఉంటే 25 ఫ్రేములు, షటర్ 1/50 అని పెట్టండి, గీతలు పోతాయి. ఆ మోడ్ లేకపోతే సెట్టింగుల్లో ఫ్లికర్ 50 హెర్ట్జ్ అని ఉందేమో వెతకండి. అదీ లేకపోతే దీపం మార్చడమే దారి.

రింగ్ లైటు కొనాలని చాలామంది ఆత్రపడతారు. రీల్స్‌కు బాగుంటుంది కానీ నటనకు దాన్ని మేం సిఫారసు చేయం. ముఖాన్ని చదును చేస్తుంది, కంటిపాపలో గుండ్రటి వలయం మెరుస్తుంది, కళ్లద్దాలు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కళ్లద్దాల పిల్లలకు దీపాలు ఇంకాస్త పైకి జరిపి, అద్దాల కాడలను చెవుల దగ్గర వెంట్రుకవాసి పైకి లేపితే అద్దం కిందికి వాలుతుంది, మెరుపు పోతుంది.

ఫోను

వెనక కెమెరాతోనే తీయండి. ముందరి కెమెరా చాలా ఫోన్లలో తక్కువ రకం, పైగా పిల్లలు తమ బొమ్మను తామే చూసుకుంటూ నటిస్తారు. ఫోను పిల్లకు అయిదారు అడుగుల దూరంలో ఉండాలి, అక్కడి నుంచి 2 ఎక్స్ జూమ్. రెండడుగుల దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి ముఖమే మారిపోతుంది. లెన్సు ఎత్తు పిల్ల కంటి ఎత్తుకు సమానం. నాన్న నిలబడి ఫోను చేత్తో పట్టుకుంటే పై నుంచి తీసినట్టు అవుతుంది, పదిహేనేళ్ల అబ్బాయి పన్నెండేళ్లవాడిలా కనబడతాడు.

ఫ్రేములో ఛాతీ మధ్య నుంచి తల పైవరకు రావాలి, తలపైన రెండు వేళ్ల ఖాళీ చాలు. చవక ట్రైపాడ్ ఊగుతుంటే మధ్య కొక్కేనికి కిలో కందిపప్పు సంచి వేలాడదీయండి. ట్రైపాడే లేకపోతే స్టూలు మీద స్టీలు డబ్బాలు పేర్చి, పై డబ్బాకు ఫోనును రెండు రబ్బరు బ్యాండ్లతో బిగించండి. లెన్సుకు రబ్బరు అడ్డం రాకుండా చూసుకోవాలి.

1080పీ చాలు, 4కే అడిగితే తప్ప వద్దు. అందం ఫిల్టరు, పోర్ట్రెయిట్ మసక అన్నీ ఆపండి. ఐఫోన్‌లో హెచ్‌డీఆర్ వీడియో ఆపి, ఫార్మాట్ ‘మోస్ట్ కంపాటిబుల్’లో పెట్టండి. లేకపోతే అవతలి ఫోనులోనో కంప్యూటర్లోనో రంగులు పాలిపోయి కనబడొచ్చు. ఏరోప్లేన్ మోడ్ వేయండి. నూలు గుడ్డతో లెన్సు తుడవండి. తెర మీద కనబడే ముఖంపై వేలు నొక్కిపెట్టి ఫోకస్, వెలుగు రెండూ లాక్ చేసి, వెలుగును ఒక్క పిసరు తగ్గించండి. ముఖం మీద వెలుగు కాస్త తగ్గినా చూడగలరు, తెల్లబడిపోతే మళ్లీ రాదు.

చప్పుడు

గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. ‘టంగ్’ అని మోత మిగిలితే మాట కూడా అలాగే మోగుతుంది. సిమెంటు గోడలు, ఖాళీ నేల దానికి కారణం. బొంతలు, రజాయిలు, పరుపులు తీసి ఫోను వెనక గోడకు ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి నిలబెట్టండి, నేలమీద దుప్పటి పరవండి. ఇవేవీ ఫ్రేములో కనబడవు. మళ్లీ చప్పట్లు కొట్టి వినండి, తేడా మీకే తెలుస్తుంది.

ఫ్యాను ఆపాల్సిందే. గాలి చప్పుడు మైకులో హోరుగా పడుతుంది, జుట్టు ఎగురుతుంది. గదిని ముందే చల్లబరచి, ఒక్కో టేకుకు మూడు నాలుగు నిమిషాలు మాత్రం ఆపి, మళ్లీ వేయండి. ఫ్రిజ్ గోడకవతలే ఉంటే దాన్నీ ఆపండి, ఆపేటప్పుడు మీ బండి తాళం చెవి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి వెళ్లేటప్పుడు తాళం వెతికితే ఫ్రిజ్ వేయడం గుర్తొస్తుంది, పాలు విరగవు. కుక్కరు, మిక్సీ, మోటారు పంపు, ఇన్వర్టరు గుయ్‌మనే శబ్దం చూసుకోండి. బరంపురం ఊరి జాతర అయిన ఠాకురాణి యాత్ర జరుగుతుంటే సాయంత్రం తీయాలని పెట్టుకోకండి, ఆ రోజుల్లో తెల్లవారుజామే మేలు. రేకుల ఇల్లయితే వాన పడుతున్నంతసేపు పని జరగదు, వాన గెరువిచ్చేదాకా ఆగాలి.

అయిదడుగుల దూరంలో ఉన్న ఫోను మైకు గదినంతా వింటుంది, పిల్లను మాత్రం తక్కువ వింటుంది. కాలరు మైకు ఒకటి కొనడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన ఖర్చు. గడ్డం కింద ఒక జానెడు దూరంలో, చొక్కా అంచుకు తగిలించాలి. ఓణీ కింద దాస్తే ప్రతి కదలికకూ గరగర వస్తుంది. ఫోనుకు టైప్-సీ రంధ్రం మాత్రమే ఉంటే ఆ పిన్ను మైకే తీసుకోండి. గుండ్రటి పిన్ను ఉన్న ఫోనైతే మైకు పిన్ను మీద మూడు నల్లగీతలు ఉండాలి, రెండే గీతలున్నది కెమెరాల కోసం చేసింది, చాలా ఫోన్లు దాన్ని గుర్తించవు. అప్పుడు ఫోను గుట్టుగా తన సొంత మైకుతోనే రికార్డు చేస్తుంది, మీకు తెలియదు. అందుకే రికార్డు ఆన్ చేసి కాలరు మైకును వేలితో తట్టి, ఆ ముక్కను ఇయర్‌ఫోన్లతో వినండి. తట్టిన చప్పుడు గట్టిగా వినబడితేనే మైకు పనిచేస్తున్నట్టు. వైర్‌లెస్ మైకుల్లో ఉండే శబ్దం తగ్గించే బటన్ ఆపి ఉంచండి, అది వేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది.

ఎదురుగా చదివే మనిషి

ఆడిషన్ నిలిచేదీ పోయేదీ ఇక్కడే. చదివే మనిషి లెన్సుకు ఆనుకుని, ఒక జానెడు పక్కన, పిల్ల కంటి ఎత్తులో కూర్చోవాలి. అప్పుడు పిల్ల చూపు లెన్సుకు దగ్గరగా ఉంటుంది, రెండు కళ్లూ కనబడతాయి. మంచం మీద దూరంగా కూర్చుని చదివితే సగం ముఖమే మిగులుతుంది. సన్నివేశంలో ఇద్దరితో మాట్లాడాల్సి వస్తే రెండో మనిషి కోసం లెన్సుకు అవతలివైపు అంతే దూరంలో ట్రైపాడ్‌కో కర్రకో కంటి ఎత్తున ఒక కాగితం అంటించి గుర్తు పెట్టుకోండి. చదివేవాళ్లు మాత్రం ఒకరే చాలు.

కాలరు మైకు లేకపోతే ఫోనుకు దగ్గరగా ఉన్న చదివేవాళ్ల మాటే పెద్దగా పడుతుంది, కాబట్టి గొంతు సగానికి తగ్గించాలి. అయితే వార్తలు చదివినట్టు చప్పగా చదివితే పిల్లకు పట్టు దొరకదు. తండ్రి పాత్ర కోప్పడుతుంటే, తక్కువ గొంతుతోనే నిజంగా కోప్పడండి. మీ మాట చివరి అక్షరం పూర్తయ్యాక పిల్ల మొదలుపెట్టాలి, పిల్ల మాట పూర్తయ్యాక మీరు మొదలుపెట్టాలి. ఒకరి మాట మీద ఒకరి మాట పడితే ఆ టేకు వినడానికి పనికిరాదు. పేపరు మీద ‘మధ్యలో అడ్డుపడుతూ’ అని రాసి ఉంటే అక్కడ మాత్రం అడ్డుపడండి.

పిల్ల డైలాగులను మీ పెదాలతో కదపకండి. చాలామంది అమ్మలకు తెలియకుండానే పెదాలు కదులుతాయి, పిల్ల చూపు వాటి మీదికి జారుతుంది, అది కెమెరాలో కనబడుతుంది. పేపరు తలవంచి చదవకుండా, మీ లైన్లు మీరు కూడా నేర్చుకోండి. పిల్ల మాట్లాడుతుంటే ఆమె కళ్లలోకి చూడండి.

ఎవరు చదవాలన్నది కూడా ఆలోచించాలి. ప్రేమ సన్నివేశం నాన్న ఎదురుగా కూర్చుని చదివితే ఏ పదహారేళ్ల పిల్లకైనా గొంతు మూసుకుపోతుంది. అక్కనో, పిన్నినో, మేనత్త కూతురినో పిలవండి. నాన్న దీపాలు, ఫోను చూసుకుంటారు, గదిలో ఇంకెవరూ ఉండరు. నాయనమ్మ ముచ్చటగా చూస్తానంటే తర్వాత వీడియో చూపించండి. ఇంట్లో చదివేవాళ్లే దొరక్కపోతే ఇంకో ఫోనులో కాల్ చేసి స్పీకరు పెట్టడం ఆఖరి దారి. కాల్‌లో మాట ఆలస్యంగా వస్తుంది కాబట్టి సన్నివేశం వేగం చచ్చిపోతుంది.

ఒడియా బడి పిల్ల, తెలుగు డైలాగు

ఒడియా బడిలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివి, ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడుతూ, తెలుగు లిపి మాత్రం చదవలేని పిల్లలు ఈ జిల్లాల్లో చాలామంది. డైలాగ్ పేపరు తెలుగులో వస్తుంది. ఇంట్లోవాళ్లు వెంటనే చేసే పని దాన్ని ఒడియా అక్షరాల్లో రాసివ్వడం. అక్కడే చిక్కు వస్తుంది. రోజూ ‘మేడ మీద’ అని సరిగ్గా అనే పిల్లే, కాగితం చూసి చదివేసరికి మాట మారిపోతుంది.

కారణాలు ఇవి. ఒడియా లిపిలో ఎ, ఏ లకు ఒకే అక్షరం, ఒ, ఓ లకు ఒకే అక్షరం. ‘మెడ’, ‘మేడ’ ఒకేలా రాయాలి, ‘కొన’, ‘కోన’ కూడా అంతే. ఇ, ఈ లకూ ఉ, ఊ లకూ వేర్వేరు అక్షరాలున్నా, ఒడియా పలుకులో ఆ నిడివి నిలబడదు, కాబట్టి ‘విడు’, ‘వీడు’ కలిసిపోతాయి. గుణింతం గుర్తు లేని హల్లును ఒడియాలో మన ‘అ’ లాగా పలకరు, ‘ఒ’ వైపు వాల్చి పలుకుతారు. అందువల్ల ‘మన’ అని రాసింది ‘మొనొ’ వైపు జారుతుంది. శ, ష, స మూడూ ‘స’ అవుతాయి, ‘వ’ తరచు ‘బ’ అవుతుంది.

అందువల్ల అక్షరాలు మార్చి రాసివ్వడం కంటే చెవితో నేర్పడం మేలు. పెద్దవాళ్లు ఒక్కో వాక్యాన్నీ నిదానంగా, భావం ఏమీ పెట్టకుండా, అంకెలు చదివినట్టు ఫోనులో రికార్డు చేసి ఇవ్వాలి. భావం పెట్టి చదివితే పిల్ల మీ రాగాన్ని కూడా నేర్చుకుంటుంది, తర్వాత అది వదిలించడం చాలా కష్టం. పిల్ల విని తిరిగి చెప్పాలి, ఒక్కో మాటకు అర్థం ఒడియాలోనో హిందీలోనో అయినా సొంత మాటల్లో చెప్పగలగాలి. రాసుకోవాల్సిందే అంటే ఒడియా అక్షరాల్లోనే రాసి, దీర్ఘం పలకాల్సిన ప్రతి ఏ, ఓ మీద ఎర్ర పెన్నుతో గీత పెట్టండి, ‘వ’ పలకాల్సిన చోట గుండ్రం చుట్టండి. పది లైన్ల పేపరుకు ఇది పావుగంట పని.

యాస సంగతి వేరు. ‘ఏటి’, ‘సెప్పు’, ‘సూడు’ అని ఇంట్లో వినబడే కళింగాంధ్ర పలుకు, అంటే ఉత్తరాంధ్ర యాస, తప్పు తెలుగు కాదు. జనం మాట్లాడే భాషే రాతలోనూ ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆడిషన్‌లో ఉత్తరాంధ్ర యాస అడిగితే ఇంటి పలుకు అలాగే రానివ్వండి, సినిమాల్లో విన్నట్టు సాగదీసి చెప్పించకండి. మామూలు తెలుగు అడిగితే ‘సెప్పు’ను ‘చెప్పు’గా, ‘ఏటి’ని ‘ఏంటి’గా మార్చుకుంటే చాలావరకు సరిపోతుంది. ఏదీ చెప్పకపోతే మొదటి టేకు మామూలు తెలుగులో, రెండోది ఇంటి యాసలో తీసి రెండూ పంపండి. పరిచయంలో ఒడియా ధారాళంగా వచ్చని చెప్పడం మరిచిపోకండి, భువనేశ్వర్, కటక్‌లలో తీసే సినిమాలకూ ఇదే వీడియో పద్ధతి పనికొస్తుంది.

టేకులు

రాత్రి నేర్చుకుని నిద్రపోయి, పొద్దున తీస్తే లైన్లు బాగా కూర్చుంటాయి. అట్ట మీద డైలాగులు రాసి కెమెరా పక్కన పెట్టడం వద్దు, కళ్లు ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

రికార్డు ఆన్ చేశాక మూడు సెకన్లు ఆగండి. ఆ మూడు సెకన్లలో పిల్ల, సన్నివేశానికి ఒక్క నిమిషం ముందు ఏం జరిగిందో అనుకోవాలి: ఇప్పుడే బడి నుంచి పరుగెత్తుకొచ్చిందా, తలుపు వెనక నిలబడి అంతా విందా? ఆఖరి మాటయ్యాక కూడా మూడు సెకన్లు అలాగే ఉండాలి. మాట అయిన వెంటనే ‘ఎలా ఉంది నాన్నా?’ అన్నట్టు మీ వైపు చూస్తే మంచి టేకు కూడా చెడుతుంది. మధ్యలో ఒక మాట తడబడితే ఆపకండి, పాత్రలోనే ఉండి కొనసాగించిన తడబాటును చాలాసార్లు మన్నిస్తారు.

స్కూలు నాటకాల్లో చేసిన పిల్లలు ఆఖరి వరసదాకా వినబడేలా మాట్లాడతారు. ఇక్కడ వినేది అయిదడుగుల దూరంలో ఉన్న ఒక్క మనిషే, అంత గొంతే చాలు. రీల్స్ చేసిన పిల్లలు కనుబొమలు ఎగరేస్తారు, లెన్సులోకి చూస్తారు. ‘చెయ్యకు’ అంటే ఇంకా బిగుసుకుపోతారు. దానికి బదులు ఒక పని చెప్పండి: ‘ఈ మాటతో అమ్మను నవ్వించాలి’, ‘ఈ మాటతో అన్నయ్యను ఆపాలి’. ‘ఆ మాట ఇలా అను’ అని మీరు చేసి చూపించడం మాత్రం మానుకోండి. పిల్ల మిమ్మల్ని అనుకరిస్తుంది, చూసేవాళ్లకు కావలసింది పిల్ల. ఏడుపు సన్నివేశంలో కన్నీళ్లు రాకపోతే పోనివ్వండి, గ్లిజరిన్ వద్దు. ఏడుపు ఆపుకుంటున్న ముఖం చాలు.

ఒక సన్నివేశానికి అయిదారు టేకులు, మొత్తం నలభై నిమిషాలు. అంతకు మించితే గొంతు, కళ్లు రెండూ అలసిపోతాయి, పదో టేకు కంటే మూడోదే బాగుంటుంది. ప్రతి టేకు తర్వాత పిల్లకు వీడియో చూపించకండి. వెలుగు, మైకు మీరు చూసుకోండి, ఆమెకు మజ్జిగ ఇవ్వండి.

పరిచయం

విడిగా, ఆఖరున తీయండి. అప్పటికి భయం పోయి నవ్వు సహజంగా వస్తుంది. ఇక్కడ మాత్రం లెన్సులోకే చూడాలి. పేరు, నిండిన వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు, నిజంగా వచ్చిన విద్యలు: ఇరవై నుంచి ముప్పై సెకన్లు. చెప్పులు లేకుండా గోడకు నిలబెట్టి టేపుతో కొలిచిన ఎత్తే చెప్పండి. వయసు తగ్గించి చెప్పకండి, రేపు ఆధార్ అడుగుతారు. బడి పేరు, వీధి పేరు, ఫోను నంబరు వీడియోలో చెప్పించవద్దు, ఆ ఫైలు ఎన్ని చేతులు మారుతుందో తెలియదు. తర్వాత కుడివైపు, ఎడమవైపు తిరిగి మూడేసి సెకన్లు, చివర తల నుంచి పాదాల వరకు నిలువెత్తు ఒక షాటు.

పంపడం

ముందూ వెనకా మిగిలింది కోయడం తప్ప ఇంకేమీ చేయకండి. పాట, అక్షరాలు, రంగు ఫిల్టరు వద్దు. ఫైలు పేరులో పిల్ల పేరు, పాత్ర పేరు, టేకు నంబరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి, ఫోను పెట్టిన అంకెల పేరుతో వచ్చిన ఫైలు వందలో కలిసిపోతుంది.

వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. గూగుల్ డ్రైవ్ లింకు అడిగితే ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అని పెట్టి, వేరేవాళ్ల ఫోనులో తెరిచి చూడండి. అనుమతి అడిగే లింకు తెరుచుకోని తలుపే. ఎక్కించిన వెంటనే డ్రైవ్‌లో వీడియో మసకగా కనబడితే కంగారుపడకండి, కొంతసేపటికి తేటపడుతుంది. 300 ఎంబీ ఫైలు, 2 ఎంబీపీఎస్ వేగంతో ఎక్కడానికి 20 నిమిషాలు పడుతుంది. కొండ ఊళ్లలో సిగ్నల్ అంత కూడా ఉండదు కాబట్టి గడువుకు కనీసం మూడు గంటల ముందు మొదలుపెట్టండి. అక్టోబరు తుపాను రోజుల్లో కరెంటును నమ్ముకోకుండా ఒకరోజు ముందే పంపేయండి.

ఎంపికైతే తెలిసి ఉండాల్సిన చట్టం ఒకటుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, 2017 నిబంధనల ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లలు నటించాలంటే షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేటు అనుమతిని నిర్మాత తీసుకోవాలి. రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు, వరసగా 27 రోజులు దాటకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ కావాలి. 14 దాటిన పిల్లలకు ఈ అనుమతి నిబంధన వర్తించకపోయినా, పని గంటలు, తోడుగా వచ్చే పెద్దమనిషి ప్రయాణం, బస ఖర్చులు ఒప్పందంలో రాయించుకోండి.

పంపిన తర్వాత ‘చూశారా?’ అని రోజూ మెసేజ్ పెట్టకండి. అసలు ఫైళ్లు ఆరు నెలలపాటు చెరపకండి. మళ్లీ పిలిస్తే చాలాసార్లు మొదటి వీడియోలో ఉన్నట్టే రమ్మంటారు, కాబట్టి ఆ చొక్కా ఉతికి విడిగా మడతపెట్టి ఉంచండి, జవాబు వచ్చేదాకా పిల్ల జుట్టు కత్తిరించకండి.